విశాఖ వెళ్తున్నాం, ఒక్క లెన్స్ చాలు అంటే ఏది కొనాలి?

ప్రశ్న: అమెరికా వచ్చి ఏడాదవుతోంది. డిసెంబరులో నాలుగు వారాలు విశాఖ వెళ్తున్నాం. ఇంట్లో ఒక ఫంక్షను, తర్వాత అరకు, బొర్రా, భీమిలి. చంటిపిల్లతో ప్రయాణం కాబట్టి రెండు మూడు లెన్సులు మోయలేను. తేలికగా ఉండి అన్నిటికీ పనికొచ్చే జూమ్ చెప్పండి.

జవాబు: జూమ్ లెన్స్ మీద మిల్లీమీటర్లలో రెండు అంకెలుంటాయి. చిన్నది ఎంత వెడల్పు పడుతుందో, పెద్దది ఎంత దూరాన్ని దగ్గరికి లాగుతుందో చెబుతాయి. 24-200 అంటే అందరి కళ్లూ 200 మీద పడతాయి. మీరు ముందు 24 చూడండి. సెలవుకి ఇంటికి వెళ్లినవాళ్ల ఫొటోల్లో ఎక్కువ భాగం ఇళ్లలోనూ, కార్లలోనూ, రైలు పెట్టెల్లోనూ, గుంపుల్లోనూ తీసినవే. అక్కడ వెనక్కి జరగడానికి చోటుండదు.

లెక్క చూడండి. ఫుల్ ఫ్రేమ్ (ఫొటో నమోదయ్యే సెన్సరు పెద్దదిగా ఉన్న) కెమెరాతో హాల్లో గోడకు వీపు ఆనించి, 3 మీటర్ల దూరంలో వరసగా నిలబడ్డ బంధువులను తీస్తున్నారనుకుందాం. 28 మి.మీ. దగ్గర 3.9 మీటర్ల వెడల్పు పడుతుంది, 24 దగ్గర 4.5 మీటర్లు, 20 దగ్గర 5.4. చివర నిలబడ్డ పెదనాన్నగారు ఫొటోలో ఉంటారా ఉండరా అన్నది ఆ తేడాలోనే తేలుతుంది. అటు 200కి బదులు 150 ఉన్నా, ఇంటికొచ్చాక కొంత కత్తిరించుకుంటే పని జరిగిపోతుంది. వెడల్పు చాలకపోతే మాత్రం తర్వాత చేసేదేమీ లేదు.

ఇక మీ కెమెరా ఏదన్నదాన్ని బట్టి. నికాన్ జెడ్ ఫుల్ ఫ్రేమ్ అయితే పెద్దగా ఆలోచించక్కర్లేదు, 24-200 ఎఫ్ 4-6.3 వీఆర్ తీసుకోండి (ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది). 570 గ్రాములు, 67 మి.మీ. ఫిల్టరు, కుదుపు తగ్గించే ఏర్పాటు (స్టెబిలైజేషన్; నికాన్ దాన్ని వీఆర్ అంటుంది, సోనీ ఓఎస్‌ఎస్, కానన్ ఐఎస్) లెన్సులోనే ఉంది. కానన్ ఆర్‌ఎఫ్‌లో 24-240 ఉంది కానీ 750 గ్రాములు. చంటిపిల్లను ఎత్తుకుని అది మెడలో వేసుకోవడం కష్టమే. 395 గ్రాముల 24-105 ఎఫ్ 4-7.1 ఎస్టీఎం మీకు నయం. 105 దాటి దూరం కావాల్సిన చోట్లు మీ ప్రయాణంలో తక్కువ. సోనీకి టామ్రాన్ 28-200 ఎఫ్ 2.8-5.6 బాగా అమ్ముడుపోయే లెన్స్, 575 గ్రాములు. వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది, అదే దాని గొప్ప. లోపం ఆ 28. సిగ్మా 2025లో తెచ్చిన 20-200 ఎఫ్ 3.5-6.3 దాదాపు అదే బరువులో, 550 గ్రాముల దగ్గర ఉంటుంది. ఇంట్లో ఫంక్షను ఉందన్నారు కాబట్టి సోనీవాళ్లకు నా ఓటు దానికే. ఈ రెండింటిలోనూ కుదుపు తగ్గించే ఏర్పాటు లేదు, ఆ పని కెమెరా చేయాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సోనీ ఏ6400 లాంటి చిన్న సెన్సరు కెమెరాకి, సమీక్షలు బాగున్నాయని టామ్రాన్ 28-200 కొనేస్తారు. ఆ కెమెరాలో స్టెబిలైజేషన్ లేదు, లెన్సులోనూ లేదు. పైగా చిన్న సెన్సరు మీద 28 కాస్తా 42 అయిపోతుంది. హాల్లో బంధువుల వరస మొత్తం పట్టదు, సాయంత్రమైతే చేతి వణుకుకు ఫొటోలు అలుక్కుపోతాయి. చిన్న సెన్సరు ఉన్నవాళ్లు దానికోసం చేసిన లెన్సులే తీసుకోవాలి: సోనీ 18-135 ఓఎస్‌ఎస్ 325 గ్రాములు, నికాన్ డీఎక్స్ 18-140 వీఆర్ 315, కానన్ ఆర్‌ఎఫ్-ఎస్ 18-150 ఐఎస్ 310. కానన్ ఆర్50తో కలిపినా మొత్తం 700 గ్రాములు దాటదు. 18 అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 27 నుంచి 29 వరకు, కాబట్టి వెడల్పు కొంచెం తక్కువే. నికాన్‌వాళ్లు కెమెరాతో పాటు వచ్చిన 16-50 అమ్మేయకండి. 135 గ్రాములే, ఫంక్షను రోజున అదే పనికొస్తుంది.

ఎఫ్ సంఖ్య గురించి పెట్టె మీద సగమే రాస్తారు. 4-6.3 అంటే 6.3 చివరికెక్కడో వస్తుందనుకుంటాం. కానన్ 24-240లో 105 దగ్గరే 6.3కి పడిపోతుంది, నికాన్ 24-200లో 80 దాటేసరికి. టామ్రాన్ 28-200 మాత్రం 100 దగ్గర ఇంకా 4.5లోనే ఉంటుంది, అంటే సుమారు ఒక స్టాప్ (రెట్టింపు వెలుతురు) లాభం. బొర్రా గుహల్లో ఈ తేడా కళ్లకు కడుతుంది. లోపల రంగు దీపాలు తప్ప వేరే వెలుతురు ఉండదు. ఎఫ్ 4 దగ్గర 3200 ఐఎస్‌ఓతో (వెలుతురుకి కెమెరా సున్నితత్వం; పెంచేకొద్దీ ఫొటో గరుకవుతుంది) సరిపోయే చోట, అదే షట్టరు వేగానికి ఎఫ్ 6.3 దగ్గర 8000 కావాలి. కాబట్టి గుహలో జూమ్ చేయకండి, లెన్సును వెడల్పు చివరే ఉంచి మీరే దగ్గరికి నడవండి. రాతి ఆకారాలు కదలవు కనుక షట్టరు వేగం 1/15 సెకను చాలు. మనుషులు ఉంటే 1/60 కన్నా తగ్గకూడదు, ఎందుకంటే స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది గానీ పిల్ల పరుగును ఆపదు.

రాత్రి ఫంక్షనుకి ఇలాంటి ఏ పెద్ద జూమూ సరిపోదు. ఒక్క లెన్సే అన్నారు గానీ, జూమ్ లేకుండా వెలుతురు బాగా తీసుకునే చిన్న లెన్సు ఒకటి వెంట ఉంటే మంచిది: కానన్ 50 ఎఫ్ 1.8 అయితే 160 గ్రాములు, నికాన్ 40 ఎఫ్ 2 170, సోనీ 50 ఎఫ్ 1.8 186. జేబులో పడే వస్తువు, పెట్టుకోండి. దేశీయ విమానాల్లో చేతి సామాను సాధారణంగా 7 కిలోలే అయినా దీనివల్ల ముప్పేమీ లేదు. విడి బ్యాటరీలు చేతి సామానులోనే ఉండాలి. ఛార్జరు మీద 100-240 వోల్టులని ఉంటే ప్లగ్ అడాప్టరు ఒక్కటే కొనండి, కన్వర్టరు దండగ.

లెన్స్ బయల్దేరే వారం ముందు కొనకండి, వాపసు గడువు ఇంకా ఉండగానే పరీక్ష పూర్తవ్వాలి. చదునైన గోడ లేదా ఎదురు అపార్టుమెంటు ముఖభాగాన్ని, కెమెరాను కిటికీ గట్టు మీద కదలకుండా పెట్టి తీయండి. వెడల్పు చివర, మధ్యలో, పొడవు చివర, ఒక్కోచోట పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్ 8లో ఒకటి. ఫొటో నాలుగు మూలలూ కాస్త మెత్తగా ఉండటం మామూలే. మూడు బాగుండి ఒకటే అలుక్కుపోతే లోపల గాజు పక్కకి జరిగిందని అర్థం, తిప్పి పంపేయండి. తర్వాత లెన్సును నేల వైపు వేలాడదీసి చూడండి, జూమ్ గొట్టం దానంతట అది జారుతుంటే లాక్ మీట వేసుకునే తిరగాలి. సెకండ్ హ్యాండ్ అయితే ఫోన్ టార్చ్ వెనకనుంచి వేసి చూడండి. చుక్కల్లా దుమ్ము ఉంటే పర్లేదు, సాలెగూడులా పోగులు కనిపిస్తే అది బూజు, వద్దు. వారంటీ కార్డు కూడా చదవండి, చాలా కంపెనీల లెన్స్ వారంటీ కొన్న దేశానికే పరిమితం. మీరు వాడుతున్న కెమెరా సంగతి వేరు గానీ, బావమరిది కోసం సీలు తీయని లెన్స్ పట్టుకెళ్తే అది సుంకం లేని పరిమితి లెక్కలోకి వస్తుంది. ఆ పరిమితి ఎంతో వెళ్లే ముందు కస్టమ్స్ వాళ్ల సైటులో చూసుకోండి.

విశాఖలో వెలుతురు సంగతి. సముద్రం తూర్పున ఉంది, కాబట్టి బీచ్ రోడ్డులో సూర్యోదయమే తప్ప సూర్యాస్తమయం నీళ్ల మీద దొరకదు. డిసెంబరు చివర్లో ఆరుంపావు దాటాక సూర్యుడొస్తాడు, అరగంట ముందే అక్కడ ఉండాలి. కైలాసగిరి నుంచి డాల్ఫిన్స్ నోస్ దాకా ఒంపు తిరిగిన తీరం ఉదయం 24 నుంచి 50 మధ్య చక్కగా వస్తుంది. అదే మధ్యాహ్నం 200 దగ్గర పెట్టి డాల్ఫిన్స్ నోస్‌ను లాగితే పాలిపోయిన బూడిదరంగు వస్తుంది. తప్పు లెన్సుది కాదు, మధ్యలో కిలోమీటర్ల కొద్దీ ఉన్న ఉప్పు తేమది. బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి లోపల మాత్రం 24 కూడా చాలదు, ఫోన్‌లో 0.5 కెమెరాతో తీసుకోండి. సింహాచలం గుడిలోకి కెమెరా, ఫోను రెండూ తీసుకెళ్లనివ్వరు.

పొడవు చివర నిజంగా పనికొచ్చేది ఫిషింగ్ హార్బరులో, పడవలు తిరిగొచ్చే తెల్లవారుజామున. మీరు డిసెంబరులో వెళ్తున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. వేసవిలో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం, అప్పుడు చేపల సందడి దొరకదు. మనుషుల్ని తీసే ముందు అడగండి, కాదనేవాళ్లు తక్కువే. లెన్సును నౌకాదళ ఓడల వైపు, డాక్‌యార్డు వైపు మాత్రం తిప్పొద్దు. విశాఖ నగరంలోని విమానాశ్రయం కూడా నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలోదే. అక్కడ దిగేటప్పుడు కిటికీ ఫొటోలు మానుకోండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లో ఉంది. విదేశీ పాసుపోర్టు చేతిలో ఉండి 200 మి.మీ. లెన్సుతో పట్టుబడితే సంజాయిషీ చెప్పుకోవడం తేలిక కాదు.

అరకు రైల్లో విస్టాడోమ్ (పెద్ద అద్దాల పెట్టె) అద్దం ఫొటోల్లో ప్రతిబింబాలు తెస్తుంది. హుడ్‌ను (లెన్స్ ముందు తగిలించే తొడుగుని) అద్దానికి తాకీ తాకనట్టు ఉంచి, ముదురు రంగు చొక్కా వేసుకుని, షట్టరు 1/500 పైన పెట్టండి. హుడ్‌ను అద్దానికి గట్టిగా నొక్కితే రైలు కుదుపు నేరుగా లెన్సులోకి వస్తుంది. దారిలో 50కి పైగా సొరంగాలున్నాయి, ఆటో ఐఎస్‌ఓకి 6400 హద్దు పెడితే ప్రతిసారీ సెట్టింగులు మార్చక్కర్లేదు.

సముద్రం దగ్గర ఉప్పు తుంపర్లు లెన్స్ మీద ఆరిపోయి గింజలవుతాయి. పొడి గుడ్డతో తుడిస్తే అవే గీతలు గీస్తాయి. ముందు గాలి బుడ్డితో ఊది, మంచినీళ్లతో కొద్దిగా తడిపిన మైక్రోఫైబరుతో ఒత్తి తీసి, తర్వాత పొడిగుడ్డ. బీచ్‌లో యూవీ ఫిల్టరు దండగ కాదు. జూమ్ తిప్పినప్పుడల్లా ఈ లెన్సులు గాలి పీల్చుకుంటాయి, దాంతో ఇసుక ధూళీ లోపలికి పోతుంది. గాలి హోరున వీస్తున్నప్పుడు జూమ్ ఒకచోట పెట్టి వదిలేయండి. ఏసీ గదిలోంచి బయటికి తీస్తే గాజు మీద ఆవిరి పడుతుంది. గదిలోనే జిప్ కవర్లో మూసి, బయటికొచ్చాక 20-30 నిమిషాలు అలాగే ఉంచి తెరవండి. మళ్లీ వచ్చేదాకా లెన్స్ ఇంట్లోనే వదిలేద్దామనుకుంటే బీరువాలో తోలు సంచిలో పెట్టొద్దు, ఆ తేమకు బూజు పట్టేస్తుంది. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40-50 శాతం ఉండేలా చూడాలి. జెల్ రంగు మారినప్పుడల్లా పొయ్యి మీద వేడిచేసి మళ్లీ వేయమని ఇంట్లోవాళ్లకు చెప్పండి, వంట గిన్నె మాత్రం దానికి వాడొద్దు.