1,20,000 కెమెరా లెన్స్ ఈఎంఐలో కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా?

ప్రశ్న: నా వయసు 31. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, సొంతూరు హిందూపురం. చేతికొచ్చే జీతం 92,000. అద్దె 26,000, అమ్మానాన్నలకు 15,000, ఇంటి ఖర్చు 28,000, సిప్ 12,000 పోగా 11,000 మిగులుతుంది. ఎఫ్‌డీలో లక్షన్నర ఉంది. టర్మ్ జీవిత బీమా పాలసీ లేదు. నా దగ్గర క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. ఏడాదికి రెండుసార్లు కబిని అడవికి సఫారీకి వెళ్తాను, మొత్తం ఆరు రోజులు. అందుకోసం దూరంలోని జంతువులను దగ్గరగా చూపే 150-600 ఎంఎం లెన్స్‌ను 1,20,000కి నో-కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాను. మా పది నెలల పాపను తీయడానికి, ఊళ్లు తిరగడానికి కూడా లెన్స్‌లు కావాలి. ఏం చేయమంటారు?

జవాబు: ఆ పెద్ద లెన్స్ ఇప్పుడు కొనకండి, వెళ్లినప్పుడల్లా అద్దెకు తెచ్చుకోండి.

ఎందుకో లెక్క చూడండి. 1,20,000 పెట్టి కొని మూడేళ్ల తర్వాత 75,000కి అమ్మారనుకుందాం. పోయింది 45,000, అంటే ఏడాదికి 15,000. అదే డబ్బు 7 శాతం వడ్డీకి బ్యాంకులో ఉంటే ఏడాదికి 8,400 వచ్చేది. రెండూ కలిపి 23,400. మీరు వాడేది ఆరు రోజులే కాబట్టి రోజుకు 3,900 పడుతుంది. బెంగళూరులో అద్దె సాధారణంగా ఇంతకంటే చాలా తక్కువే ఉంటుంది. డిపాజిట్, గుర్తింపు కార్డు అడుగుతారు. తీసుకునేటప్పుడే లెన్స్ ముందువైపు గాజును, కెమెరాకు తగిలించే మౌంట్‌ను షాపువాళ్ల ఎదుటే వీడియో తీయండి. దెబ్బ తగిలితే ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి.

నో-కాస్ట్ ఈఎంఐలో కూడా ఖర్చుంటుంది. బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది, అంత మేరకు ధరలో డిస్కౌంట్ చూపిస్తారు, అంతే. 15 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు 10,000 చొప్పున 12 నెలల్లో వడ్డీ దాదాపు 9,200. దాని మీద 18 శాతం జీఎస్‌టీ, సుమారు 1,650, మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు అదనం. నగదుకు కొంటే షాపువాళ్లు తగ్గించే అవకాశం కూడా పోతుంది. పైగా మిగిలే 11,000లో 10,000 కిస్తీకే పోతే, పాపకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే క్రెడిట్ కార్డే దిక్కవుతుంది. ఆ వడ్డీ నెలకే మూడు శాతం దాటుతుంది.

ఇంకో మాట. 150-600 తరగతి లెన్స్‌లకు 600 దగ్గర అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) సాధారణంగా ఎఫ్6.3, అంటే వెలుగు తక్కువగా వస్తుంది. సఫారీలో జంతువులు బాగా కనిపించేది తెల్లవారుజామున, సాయంత్రం. ఆ మసక వెలుగులో ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) బాగా పెంచాల్సి వస్తుంది. లక్ష పెట్టాక ఫొటోల్లో గ్రెయిన్ (రవ్వలాంటి చుక్కలు) చూసి బాధపడేవాళ్లు చాలామందే. అదే లెన్స్ అద్దెకు తెచ్చి వాడి చూస్తే మీకు నప్పుతుందో లేదో తేలిపోతుంది.

ఇక పాప కోసం. 50 ఎంఎం ఎఫ్1.8 చవకని అందరూ చెబుతారు. కానీ క్రాప్ సెన్సర్ మీద అది 75-80 ఎంఎంలా పనిచేస్తుంది, అంటే ఫ్రేములో తక్కువ చోటే పడుతుంది. టూ బీహెచ్‌కే హాల్లో పాప మొత్తం ఫ్రేములో పడాలంటే మీరు వెనక్కి వెళ్లి గోడకు ఆనాలి. 35 ఎంఎం ఎఫ్1.8 తీసుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో 20,000 లోపు వెతకండి. రోజూ వాడేది ఇదే, కాబట్టి ముందు దీన్నే కొనండి. ఊళ్లు తిరగడానికి ఉన్న 18-55 చాలు.

పక్షుల మీద మక్కువ ఉంటే, 35 తర్వాత 50-250 లాంటి చిన్న టెలీ జూమ్ చూడండి. హిందూపురం వెళ్లినప్పుడు చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో ఆగండి. సీజన్‌లో పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. శ్రీరంగపట్నం దగ్గరి రంగనతిట్టులో కూడా పడవ గూళ్లకు బాగా దగ్గరగా వెళ్తుంది. రెండు చోట్లా 600 అవసరం లేదు.

డబ్బు ఇలా సర్దండి. సిప్ ఆపొద్దు. ముందుగా ఈ నెలలోనే కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. పొగతాగే అలవాటు లేకపోతే మీ వయసుకు ప్రీమియం నెలకు సుమారు 1,000 నుంచి 1,500 వరకు ఉంటుంది. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే అయితే దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు. ఎఫ్‌డీలో ఉన్నది రెండు నెలల ఖర్చుకే సరిపోతుంది కాబట్టి నెలకు 5,000 దానికి కలపండి. మిగిలిన 4,500 లెన్స్ పేరుతో విడిగా దాచండి. నాలుగైదు నెలల్లో 35 చేతికొస్తుంది. ఏడాదిలో కబిని వెళ్లే రోజులు ఇరవై, ముప్పై దాటితే పెద్ద లెన్స్ లెక్క మళ్లీ వేద్దాం.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు లెన్స్‌లోంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. ధర ఎంత తగ్గించినా అది వద్దు.