మామగారికి టీవీలో ఏం పెట్టాలి?

ప్రశ్న: అక్కా, మా మామగారు వయసులో ఉన్నప్పుడు ఊరి భారతం ఉత్సవాల్లో అర్జునుడి వేషం కట్టి తపస్సు మాను (అర్జునుడి తపస్సు ఘట్టానికి నిలబెట్టే ఎత్తైన మాను) ఎక్కినవారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో రోజంతా టీవీ ముందే. సీరియళ్లు ఆయనకు పట్టవు. నాటకాలు, కళల మీద డాక్యుమెంటరీలు వచ్చే వారం ఏమేం ఉన్నాయో ముందే తెలుసుకుని చూపించేదెలా?
— ఒక కోడలు, చిత్తూరు

జవాబు: చెల్లీ, ముందు దూరదర్శన్ చానళ్ల నంబర్లు కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించు. పోయిన ఏడాది మా కేబుల్ అతను మాట మాత్రమైనా చెప్పకుండా నంబర్లు మార్చేశాడు. నేను వెతుక్కునే లోపల, వారమంతా ఎదురుచూసిన వీణ కచేరీ సగం అయిపోయింది. ఆ బాధ నాకింకా పోలేదు.

డీడీ భారతి 2002లో మొదలైంది. సంగీతం, నృత్యం, నాటకం, డాక్యుమెంటరీలు దాని సొత్తు. మాటలు ఎక్కువగా హిందీ, ఇంగ్లిష్‌లో ఉన్నా పాటకూ ఆటకూ భాష అడ్డం రాదు. తెలుగులో కావాలంటే డీడీ సప్తగిరి పెట్టు. మన ఎస్వీబీసీలో తిరుమల నాదనీరాజనం కచేరీలు వస్తాయి. దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ పెట్టించుకుంటే నెలనెలా డబ్బు కట్టే పని లేదు. ఆదివారం పూట రిమోట్‌లో గైడ్ బటన్ నొక్కి, రాబోయేవాటిలో మూడే మూడు ఎంచుకో. అంతకు మించితే ఆయనా అలిసిపోతారు, నువ్వూ అలిసిపోతావు.

ఆ మూడింటికీ నువ్వు పక్కన కూర్చోవాలి. అసలు సంగతి ఇదే. మా పెద్దమ్మది శ్రీకాళహస్తి, చెయ్యి వణికేదాకా కలంకారీ వేసింది. ఒకరోజు కలంకారీ మీద డాక్యుమెంటరీ వస్తోంది. వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో మెల్లగా నొక్కుతుంటే నల్లటి గీత సాగుతోంది. పెద్దమ్మ లేచి వెళ్లి తెర మీద ఆ గీతకు వేలు ఆనించింది. "కలంలో ఇంత నలుపు ఉండదే. బెల్లం, తుప్పు ఇనుము నానేసిన నీళ్లు అవి. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడినాకే నల్లబడేది" అంది. ఆ డాక్యుమెంటరీలో ఈ మాట లేదు. ఆ ఇంట్లోనే తిరిగి పెరిగిన నేనూ ఎప్పుడూ అడగలేదు.

భారతం మీద ఏదైనా వస్తే, మాను ఎక్కుతూ ఏ పద్యం పాడేవారో మీ మామగారిని అడుగు. పైనుంచి నిమ్మకాయలు వేస్తుంటే కింద కొంగులు పట్టి నిలబడిన ఆడవాళ్ల గురించి అడుగు. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకో. వీలైతే నాకూ పంపు, వింటాను.