సందేహాలు – సమాధానాలు: గరిష్ట పరిమితి

సందేహం: కంప్యూటర్ గురించి తేలిక తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. అందులో "32 బిట్ ప్రాసెసర్‌కు మెమరీ గరిష్ట పరిమితి 4 జీబీ" అని రాశాను. చదివిన మిత్రుడు రెండు తప్పులు పట్టాడు. 'గరిష్ట' కాదు, 'గరిష్ఠ' అట. పైగా పరిమితి అంటేనే పైహద్దు కాబట్టి 'గరిష్ఠ పరిమితి' పునరుక్తి అట. ఏది సరి? – ఒక పాఠకుడు

సమాధానం: మీ మిత్రుడి మొదటి మాటకు పూర్తి మార్కులు, రెండోదానికి సగం.

'గురు' అంటే బరువైనది. ఉపాధ్యాయుడు, గ్రహం, ఛందస్సులోని గురువు, అన్నీ ఆ బరువు నుంచి వచ్చినవారే. అన్నిటినీ మించినదని చెప్పడానికి సంస్కృతంలో రెండు ప్రత్యయాలున్నాయి. 'అతిశాయనే తమబిష్ఠనౌ' అన్నాడు పాణిని. ఒకటి 'తమ': ప్రియతమ, ఉన్నతతమ. ఇది సాధువు, వచ్చి ఊరికే పక్కన నిలబడుతుంది. రెండోది 'ఇష్ఠ'. ఇది వస్తే ముందున్న మాట రూపం మారిపోవచ్చు. గురు 'గర్' అయి గరిష్ఠ అవుతుంది. ఉరు 'వర్' అయి వరిష్ఠ. ప్రశస్యం 'శ్ర' అయి శ్రేష్ఠ. వృద్ధం 'జ్య' అయి జ్యేష్ఠ. బహు 'భూ' అయి భూయిష్ఠ. ఒక్కదానిలోనూ 'ష్ట' లేదు, చూడండి. అయినా 'లోపభూయిష్టం' అని రాయని రోజు పత్రికల్లో ఉండదు. ఆ వాక్యమే లోపభూయిష్ఠమని వారికి ఎవరు చెప్పాలి?

మరి ఇష్టం, కష్టం, నష్టం, విశిష్టం మాటేమిటి? అవి వేరే వంశం. ధాతువు మీద 'త' చేరి, ముందున్న 'ష' వల్ల 'ట'గా మారినవి. ఇష్ + త ఇష్ట, నశ్ + త నష్ట. వీటికి వత్తు పెట్టి 'విశిష్ఠ' అని రాసే అతిజాగ్రత్తపరులూ ఉన్నారు. ప్రతిష్ఠ, నిష్ఠ, అనుష్ఠానం మూడో ఇంటివి. 'స్థా' ధాతువులోని 'థ' వాటిలో 'ఠ' అయింది. నోటితో పలికేటప్పుడు అందరం ఒకేలా పలుకుతాం కాబట్టి చెవి సాయం చేయదు. పుట్టుక తెలిస్తేనే చెయ్యి తప్పదు. ఠ కోసం ఇంకో మీట నొక్కాలన్న బద్ధకాన్ని భాషాపరిణామం అనడం మాత్రం నాకు రుచించదు.

ఇంకో తమాషా ఉంది. గరిష్ఠకు అసలు జోడీ లఘిష్ఠ: ఒకటి అన్నిటికన్నా బరువు, మరొకటి అన్నిటికన్నా తేలిక. కనిష్ఠ అంటే అందరికన్నా చిన్న. దాని జోడీ జ్యేష్ఠ. గ.సా.భా., క.సా.గు. చదువుకున్న తరాలన్నీ గరిష్ఠకు కనిష్ఠను కట్టబెట్టాయి. కాపురం బాగానే సాగుతోంది, విడదీయమని నేననను. కానీ గరిష్ఠలోనే 'అన్నిటినీ మించి' అనే అర్థం ఉండగా వార్తల్లో 'అత్యంత గరిష్ఠ స్థాయి' అంటారే, అక్కడ మాత్రం ఒళ్లు మండుతుంది. మీ మిత్రుడు పునరుక్తిని వెతకాల్సింది అక్కడ.

ఇక పరిమితి. 'మా' ధాతువుకు కొలవడం అని అర్థం. మితి కొలత, పరి చుట్టూ. చుట్టూ కొలిచి గీసిన గీతకు పైవైపే కాదు, కింది వైపూ ఉంటుంది. 64 బిట్ విండోస్ 10 నడవాలంటే కనీసం 2 జీబీ ర్యామ్, అంటే మెమరీ, కావాలి. అందులోనే హోమ్ ఎడిషన్ 128 జీబీకి మించి వాడుకోదు. ఇలాంటి చోట కనిష్ఠ పరిమితి, గరిష్ఠ పరిమితి అనక తప్పదు.

మీ వాక్యానికి వస్తే, నాకు అభ్యంతరం వ్యాకరణం దగ్గర కాదు. 4 జీబీ ఎక్కడి నుంచి వచ్చింది? మెమరీలో ప్రతి బైట్‌కూ ఒక చిరునామా అంకె ఉంటుంది. బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే ఒక్క గడి. అలాంటి 32 బిట్లతో రాయగల అంకెలు 4,29,49,67,296. అన్ని బైట్లే 4 జీబీ. అది చిరునామా పొడవు వల్ల వచ్చింది. ప్రాసెసర్‌కు తగిలించిన 'బిట్' బిరుదుకూ దానికీ ప్రతిసారీ పొత్తు కుదరదు. 1978 నాటి 8086 పదహారు బిట్లది, చిరునామాకు 20 బిట్లు వాడి 1 ఎంబీ అందుకుంది. 1995లో వచ్చిన పెంటియం ప్రో 32 బిట్లదే, కానీ 36 బిట్ల చిరునామాతో 64 జీబీ దాకా చేరగలిగింది. ఒక్కో ప్రోగ్రాముకు కనిపించేది మాత్రం 4 జీబీయే. మరోవైపు 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్‌లో 4 జీబీ పెట్టినా అంతా కనిపించదు, గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలు కొన్ని చిరునామాలు తీసేసుకుంటాయి.

అంకెలు అయిపోయి ఆగడం ఒకటి, ఎవరో ఆపితే ఆగడం మరొకటి. 64 బిట్ విండోస్ 7లో హోమ్ ప్రీమియంకు 16 జీబీ, ప్రొఫెషనల్‌కు 192 జీబీ. ఒకే ప్రాసెసర్ మీద రెండూ నడుస్తాయి. తేడా పెట్టింది కంపెనీ. ఇది 'విధించిన పరిమితి', ఈ మాట ఇక్కడ చక్కగా అమరుతుంది. అంకెలే అయిపోయిన చోట నేనైతే 'హద్దు' అంటాను. అరబ్బీ నుంచి వచ్చినా మన మాటే అయిపోయింది. ఎల్ల, మేర, అవధి కూడా ఉన్నాయి గానీ పాఠంలో బరువవుతాయి. హద్దులూ పెడతారు కదా, పరిమితులూ సహజంగా ఉంటాయి కదా అని ఎవరైనా వాదిస్తే కాదనలేను. వాడుకలో ఈ రెంటి మధ్య గీత పలచనే.

మీరు ఇలా మార్చి చూడండి: "32 బిట్ల చిరునామాతో 4 జీబీకి మించిన మెమరీని అందుకోలేం." ఇందులో గరిష్ఠ అవసరమే రాలేదు. పాత వాక్యమే ఉంచుతానంటే 'ప్రాసెసర్‌కు' తీసి 'చిరునామాకు' అనండి, ఠ సరిచేయండి. గరిష్ఠ పరిమితిని నేను కొట్టివేయను.