కంట్రోలర్ దృష్టి మళ్ళి రెండు విమానాలు దగ్గరైతే క్రిమినల్ కేసు పడుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురం. మా అమ్మాయి వేరే రాష్ట్రంలోని ఒక విమానాశ్రయంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా, అంటే కింది నుంచి రేడియోలో విమానాలకు దారి చూపే ఉద్యోగిగా పనిచేస్తోంది. ఇటీవల రాత్రి డ్యూటీలో పక్క యూనిట్ నుంచి వచ్చిన ఫోన్‌కు జవాబు చెబుతుండగా రెండు విమానాల మధ్య ఉండవలసిన దూరం తగ్గిపోయింది. కాక్‌పిట్‌లో హెచ్చరిక రావడంతో పైలట్లు తప్పించారు. ఎవరికీ దెబ్బ తగలలేదు. అమ్మాయిని డ్యూటీ నుంచి పక్కన పెట్టి, లిఖితపూర్వకంగా వివరణ ఇమ్మన్నారు. ఆ విమానంలో ప్రయాణించిన మా ఊరి వ్యక్తి ఒకరు పోలీసు కేసు పెడతానంటున్నారు. తప్పు ఒప్పుకొని క్షమాపణ రాసి ఇస్తే వదిలేస్తారని బంధువులు చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, ఆ క్షమాపణ పత్రం ఇవ్వవద్దని మీ అమ్మాయికి చెప్పండి. నిజం దాచమని నా ఉద్దేశం కాదు. ఒకే ఘటన మీద భద్రతా దర్యాప్తు, శాఖాపరమైన క్రమశిక్షణ చర్య, పోలీసు కేసు అనే మూడు వేర్వేరు వ్యవహారాలు నడిచే అవకాశం ఉంది. కంగారులో రాసిన నాలుగు వాక్యాలు ఒక చోట ఇచ్చినా, రేపు మిగతా రెండు చోట్లా ఆమెకు వ్యతిరేకంగా చదువుతారు.

భద్రతా దర్యాప్తు విషయంలో మాత్రం నా సలహా వేరు. ఢీకొనకుండా పైలట్లు విమానాన్ని తప్పించవలసి వచ్చిన ఘటనను తీవ్ర ఘటనగా పరిగణించి, విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో విచారించవచ్చు. ఈ దర్యాప్తుల కోసం చేసిన నియమాలు, దర్యాప్తు ఉద్దేశం మరో ప్రమాదం జరగకుండా చూడడమే తప్ప నిందను, బాధ్యతను ఎవరి మీదా మోపడం కాదని స్పష్టంగా చెబుతున్నాయి. అక్కడ ఇచ్చే వాంగ్మూలాలను బయటపెట్టడం మీద కూడా ఆంక్షలు ఉన్నాయి. కాబట్టి ఫోన్ సంగతితో సహా జరిగినదంతా అక్కడ అమ్మాయి దాపరికం లేకుండా చెప్పాలి. ఆమె దాచినా కంట్రోల్ గది సంభాషణలను రికార్డు చేసే టేపు దాచదు. దాచే ప్రయత్నమే అసలు పొరపాటుకన్నా పెద్ద అభియోగంగా మారుతుంది.

అసలు జాగ్రత్త క్రమశిక్షణ నోటీసుకు ఇచ్చే జవాబులో ఉండాలి. మార్గమధ్యంలో రాడార్ నియంత్రణలో ఉన్న విమానాల మధ్య సాధారణంగా 5 నాటికల్ మైళ్ళ దూరం, అంటే 9 కిలోమీటర్లకు పైగా, లేదా 1,000 అడుగుల ఎత్తు తేడా ఉండాలి. ఈ రెండింటిలో ఏదీ లేకపోయినప్పుడే సెపరేషన్, అంటే విమానాల మధ్య ఉండవలసిన ఎడం, పోయినట్లు లెక్క. అది పోయిందన్నది రాడార్ రికార్డు చెబుతుంది, దానిని కాదనలేము. ఎందుకు పోయిందన్నదే మన ప్రశ్న. ఆ ఫోన్ పక్క యూనిట్‌తో సమన్వయం కోసం వచ్చిన డ్యూటీ కాల్ అయితే, దానికి జవాబు చెప్పడం ఆమె విధి. అప్పుడు పక్కన ఉండవలసిన సహాయకుడు ఉన్నాడా, రెండు సెక్టార్లను (కంట్రోలర్లకు పంచి ఇచ్చే ఆకాశ భాగాలను) కలిపి ఒక్కరికే అప్పగించారా, అంతకు ముందు ఎన్ని గంటలు విరామం లేకుండా కూర్చుంది, స్క్రీన్ మీద రావలసిన హెచ్చరిక వచ్చిందా, పైలట్ రీడ్‌బ్యాక్ (ఆదేశాన్ని తిరిగి చెప్పడం) సరిగా ఉందా అన్నవన్నీ జవాబులో రావాలి, ఒక్కొక్కదానికీ రోస్టరో (డ్యూటీల పట్టికో), లాగ్‌బుక్కో, టేపో ఆధారంగా చూపాలి.

2002 జులై 1న జర్మనీలోని ఊబర్‌లింగెన్ మీదుగా రెండు విమానాలు ఢీకొని 71 మంది చనిపోయారు. ఆ రాత్రి వాటిని నియంత్రిస్తున్న స్విట్జర్లాండ్ కేంద్రంలో ఒక్క కంట్రోలరే రెండు స్థానాలు చూస్తున్నాడు. ప్రధాన ఫోన్ వ్యవస్థను మరమ్మతు కోసం ఆపి ఉంచారు. 2007లో అక్కడి కోర్టు ఆ సంస్థకు చెందిన నలుగురిని దోషులుగా తేల్చింది, వారిలో ముగ్గురు మేనేజర్లు. ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు. అయినా సిబ్బందిని తగ్గించి నడిపించిన వారి బాధ్యతను అడిగే హక్కు మీ అమ్మాయికి ఉందని చెప్పడానికే దీనిని ప్రస్తావించాను. దీనికి మరో పక్క కూడా ఉంది. 2009 ఆగస్టులో న్యూయార్క్ హడ్సన్ నది మీద ఒక చిన్న విమానం, హెలికాప్టర్ ఢీకొని 9 మంది మరణించినప్పుడు, కంట్రోలర్ పనికి సంబంధం లేని ఫోన్ సంభాషణలో ఉండడాన్ని దర్యాప్తు సంస్థ దోహదపడిన కారణాల్లో ఒకటిగా పేర్కొంది. మీ అమ్మాయి మాట్లాడింది సొంత ఫోన్‌లో అయితే పై వాదన నిలవదు. అప్పుడు శిక్ష తగ్గించమని కోరడమే దారి. ఆ సంగతి మీ వకీలుకు మొదటి రోజే చెప్పండి.

ఒక పని మాత్రం ఈరోజే చేయాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కంట్రోల్ గది సంభాషణల రికార్డును కనీసం 30 రోజులు ఉంచాలి. దర్యాప్తుకు అవసరమైనవాటిని ఇంకా ఎక్కువ కాలం ఉంచాలి. రేడియో, ఫోన్ టేపులను, రాడార్ రికార్డును, రోస్టర్‌ను భద్రపరచి ప్రతులు ఇవ్వమని, అవి అందేవరకు జవాబుకు గడువు పెంచమని అమ్మాయి రాతపూర్వకంగా కోరి, అందినట్లు సంతకం తీసుకోవాలి.

ఇక పోలీసు కేసు. మరణం గాని గాయం గాని లేనప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 125వ సెక్షన్ మాత్రమే ప్రస్తావనకు రాగలదు. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగించే నిర్లక్ష్యానికి అది గరిష్ఠంగా 3 నెలల జైలు, లేదా 2,500 రూపాయల జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. ఇది బెయిల్ ఇవ్వదగిన నేరం. ఘటన వేరే రాష్ట్రంలో జరిగినా బరంపురం స్టేషన్‌లో ఫిర్యాదు నమోదు చేసి అక్కడికి బదిలీ చేయవచ్చు. అయితే క్షణకాలపు ఏమరుపాటు వేరు, క్రిమినల్ శిక్షకు తగిన నిర్లక్ష్యం వేరు. ఆ రెండవదాన్ని రుజువు చేయవలసిన భారం ప్రాసిక్యూషన్‌దే. పోలీసులు నోటీసు ఇస్తే హాజరు కావాలి, కాని తనపై తానే సాక్ష్యం చెప్పేలా నిందితులను బలవంతపెట్టరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణ రక్షణ ఇస్తోంది. ప్రభుత్వ ఉద్యోగులపై ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు నడపరాదన్న రక్షణను మాత్రం నమ్ముకోవద్దు. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు అది వర్తించదని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది.

ఫిర్యాదు చేస్తానన్న ఆ ప్రయాణికుడి ఇంటికి మీరు గాని పెద్దమనుషులు గాని వెళ్ళవద్దు. అది సాక్షిని ప్రభావితం చేసినట్లు కనిపిస్తుంది. డ్యూటీ నుంచి పక్కన పెట్టడం శిక్ష కాదు కాబట్టి దాని మీద ఇప్పుడే కోర్టుకు వెళ్ళడం తొందరపాటు అవుతుంది. విచారణ లేకుండా శిక్ష వేస్తే మాత్రం సవాలు చేయవచ్చు. అది కూడా మీరు బరంపురంలో ఉన్నారని ఒడిశా హైకోర్టు ఉన్న కటక్‌లో కాకుండా, ఆమె పనిచేసే చోటు, ఉత్తర్వు వెలువడిన చోటు చూసి ఎక్కడ వేయాలో నిర్ణయించుకోవాలి. ఆమె నియామక ఉత్తర్వు, నోటీసు ప్రతి తీసుకొని అక్కడి సర్వీసు వ్యవహారాల వకీలును కలవండి.