బృందాన్ని వీడిన గిటారు: స్టీవ్ హాకెట్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కాలేజీ రోజుల్లో స్నేహితుడి దగ్గర క్యాసెట్లు అరువు తెచ్చుకుని బ్రిటన్ రాక్ బృందం జెనెసిస్‌ను వినడం మొదలుపెట్టాను. 1973లో వచ్చిన ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’ ఇప్పటికీ నాకు ప్రాణం. అందులో గిటారు వాయించిన స్టీవ్ హాకెట్ 1977లో బృందం నుంచి తప్పుకున్నాడు. ఆయన వెళ్లాకే జెనెసిస్‌కు అసలైన పేరు, డబ్బు వచ్చాయనీ, ఆయన మాత్రం చేజేతులా భవిష్యత్తు పాడుచేసుకున్నాడనీ ఆ స్నేహితుడు ఇప్పటికీ వాదిస్తాడు. హాకెట్ సొంత రికార్డులు విందామని రెండు మూడు పాటలు పెట్టాను గానీ మనసు నిలవలేదు. స్నేహితుడి మాట నిజమేనా? ఎక్కడ మొదలుపెట్టి వినాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అమ్మకాల లెక్క వరకు మీ స్నేహితుడి మాట కాదనలేము. హాకెట్ వెళ్లాక మిగిలిన టోనీ బ్యాంక్స్, మైక్ రూథర్‌ఫర్డ్, ఫిల్ కాలిన్స్ 1978లో ‘అండ్ దెన్ దేర్ వర్ త్రీ’ అన్న పేరుతోనే ఆల్బం తెచ్చారు, ‘ఫాలో యూ ఫాలో మీ’ పాటతో రేడియో శ్రోతలను గెలుచుకున్నారు. 1980లో ‘డ్యూక్’ బ్రిటన్ ఆల్బంల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 1986 నాటి ‘ఇన్విజిబుల్ టచ్’ నుంచి ఏకంగా అయిదు పాటలు అమెరికాలో తొలి అయిదు స్థానాల్లోకి వెళ్లాయి. హాకెట్ సోలో ఆల్బంలలో ఆ రోజుల్లో బ్రిటన్ పట్టికలో అన్నిటికన్నా పైకి వెళ్లింది 1980 నాటి ‘డిఫెక్టర్’. దానికి దక్కింది తొమ్మిదో స్థానం. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెడితే వాదం అక్కడితో ముగిసినట్టే కనిపిస్తుంది. అయితే ఆయన దేనికోసం బయటికి వెళ్లాడన్నది చూడకుండా, వెళ్లి లాభపడ్డాడా నష్టపోయాడా అని తేల్చడం న్యాయం కాదు.

హాకెట్ 1971 మొదట్లో జెనెసిస్‌లో చేరాడు. అంతకు కొద్దికాలం ముందు లండన్ సంగీత పత్రిక ‘మెలొడీ మేకర్’లో ఒక ప్రకటన వేశాడు. గడ్డకట్టుకుపోయిన సంగీత రూపాలను దాటాలనే పట్టుదల ఉన్న వాద్యకారులు కావాలన్నది దాని సారాంశం. ఆ ప్రకటనకు స్పందించినవాడు అప్పటి జెనెసిస్ గాయకుడు పీటర్ గేబ్రియెల్. అంటే ఇరవై ఏళ్ల వయసులోనే ఈయనకు తానేమి వెతుకుతున్నదీ స్పష్టంగా తెలుసు. కానీ ఆ బృందంలో పాటల రచన ప్రధానంగా పాఠశాల నాటి స్నేహితుల చేతిలోనే ఉండేది. చివరిగా చేరిన హాకెట్‌కు అందులో పెద్ద వాటా ఉండేది కాదు.

మీకు ఇష్టమైన ఆల్బంలోనే ఉన్న ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ను ఈ దృష్టితో ఒకసారి మళ్లీ వినండి. అది ప్రధానంగా బ్యాంక్స్ కట్టిన బాణీ. పాట నడుమ గేబ్రియెల్ వేణువు మీద ఒక చిన్న రాగఖండాన్ని వినిపిస్తాడు, ఆ తర్వాత పియానో, సింథసైజర్ హోరు వస్తుంది. అదంతా అయ్యాక అదే వేణువు బాణీని హాకెట్ గిటారు మీదికి తీసుకుని, వేగం బాగా తగ్గించి, దాదాపు మూడు నిమిషాల పాటు పరుస్తాడు. అందులో ఒక పై స్వరాన్ని పట్టుకుని వదలకుండా అలాగే నిలుపుతాడు. కింద డ్రమ్ములు, కీబోర్డు మారుతూ ఉంటాయి, ఆ స్వరం మాత్రం కదలదు. వేళ్ల చురుకుదనం చూపించుకోవాలనే తాపత్రయం ఎక్కడా కనిపించదు. బాణీ మరొకరిదే అయినా, ఈనాడు ఆ పాట పేరు చెప్పగానే శ్రోతకు గుర్తొచ్చేది ఆ గిటారే. తాళ్లపాకలో అన్నమయ్య ఉత్సవాలకో, మన ఊళ్లలో త్యాగరాజ ఆరాధనకో కచేరీలు విన్నవారికి ఇది తెలియని అనుభవం కాదు: గాయకుడు ఆలాపన ముగించి వయొలిన్‌కు వదిలిన ఆ కాసేపట్లో, పక్కవాద్యంగా కూర్చున్న విద్వాంసుడు సభనంతా తన వైపు తిప్పుకుంటాడు, మరుక్షణమే తన చోటికి తాను వెళ్లిపోతాడు. హాకెట్‌కు జెనెసిస్‌లో దొరికినవి అలాంటి కాసేపులే.

1975లో గేబ్రియెల్ బృందాన్ని వదిలిన ఏడాదే హాకెట్ తన మొదటి సోలో ఆల్బం ‘వాయేజ్ ఆఫ్ ద ఎకొలైట్’ తెచ్చాడు. అప్పటికి ఆయన ఇంకా జెనెసిస్ సభ్యుడే. రూథర్‌ఫర్డ్, కాలిన్స్ ఇద్దరూ అందులో వాయించారు, ఆయన తమ్ముడు జాన్ హాకెట్ వేణువు వాయించాడు. జోస్యం చెప్పడానికి వాడే టారో చీట్ల బొమ్మల ఆధారంగా అల్లిన ఆ ఆల్బం బ్రిటన్ పట్టికలో 26వ స్థానానికి చేరింది. సొంతంగా కూడా శ్రోతలు ఉంటారని తెలిసిపోయిన మనిషి తిరిగి అదే మూలన కూర్చోవడం కష్టం. 1976 చివర్లో వచ్చిన ‘విండ్ అండ్ వదరింగ్’ తయారీలో ఆయన తెచ్చిన ‘ప్లీజ్ డోంట్ టచ్’ అన్న వాద్య రచనను బృందం పక్కన పెట్టింది. ‘ఇన్‌సైడ్ అండ్ ఔట్’ అన్న మరో మంచి పాట ఆల్బంలో చోటు దక్కక, 1977లో మూడు పాటల చిన్న రికార్డులో వచ్చింది. ఆ ఏడాదే, కచేరీల రికార్డు ‘సెకండ్స్ ఔట్’ విడుదలయ్యే సమయానికి, ఆయన బయటికి నడిచాడు. 1978లో వెలువడిన తన రెండో ఆల్బానికి బృందం వద్దన్న ఆ రచన పేరే, ‘ప్లీజ్ డోంట్ టచ్’ అనే పెట్టుకున్నాడు. ఇందులోని చిలిపితనం నాకు చాలా ఇష్టం.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్న మీ ప్రశ్న. ‘ప్లీజ్ డోంట్ టచ్’తో మాత్రం వద్దు. అందులో జానపద గాయకుడు రిచీ హేవెన్స్, సోల్ గాయని రాండీ క్రాఫర్డ్, కాన్సస్ బృందపు స్టీవ్ వాల్ష్ తలా ఒక పద్ధతిలో పాడతారు. తలుపు తెరుచుకున్న ఉత్సాహంలో ఆయన అన్ని గదుల్లోకీ ఒకేసారి పరుగెత్తాడనిపిస్తుంది. ‘హోపింగ్ లవ్ విల్ లాస్ట్’ లాంటి అందమైన పాట ఉన్నా ఆల్బం మొత్తంగా ఒక ముద్ద కట్టదు. మీ మనసు నిలవకపోవడానికి కారణం బహుశా ఇలాంటి చోట మొదలుపెట్టడమే కావచ్చు.

1979లో వచ్చిన ‘స్పెక్ట్రల్ మార్నింగ్స్’తో మొదలుపెట్టండి. నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో, కచేరీలలో తనతో తిరుగుతున్న సొంత బృందంతోనే దీన్ని రికార్డు చేశాడు. కీబోర్డు మీద నిక్ మాగ్నస్, గాత్రంలో పీట్ హిక్స్, వేణువు మీద మళ్లీ తమ్ముడు జాన్. మొదటి పాట ‘ఎవ్రీ డే’లో మాటలు త్వరగానే అయిపోతాయి, మిగతాదంతా గిటారే. ‘లాస్ట్ టైమ్ ఇన్ కార్డొబా’లో నైలాన్ తీగల గిటారు, వేణువు మాత్రమే మాట్లాడుకుంటాయి. చివరన ఉన్న ‘స్పెక్ట్రల్ మార్నింగ్స్’లో మాటలే లేవు, ఒక బాణీ మొదలవుతుంది, ఎక్కుతుంది, తగ్గుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’లో మూడు నిమిషాలు మాత్రమే దొరికిన గొంతుకు ఇక్కడ ఆరు నిమిషాలకు పైగా ఎవరూ అడ్డు రారు. ఆయన బయటికి వెళ్లింది దేనికోసమని అడిగితే నేను చూపించేది ఈ ఒక్క రచననే. ఇది విన్న తర్వాత కూడా ఆయన చెడిపోయాడని మీ స్నేహితుడు అంటే, ఆయనతో వాదించి ప్రయోజనం లేదు.

ఒక చిన్న సలహా. దీన్ని ఫోను స్పీకరులో వినకండి, ముఖ్యంగా మన ఎండాకాలపు పగటిపూట ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతున్న గదిలో. నైలాన్ తీగల మంద్రస్వరాలు ఆ హోరులో పూర్తిగా మునిగిపోయి, పాట మధ్యలో ఏమీ జరగడం లేదనే భ్రమ కలుగుతుంది. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రాత్రిపూట వినండి.

ఆ తర్వాత ‘డిఫెక్టర్’ వినండి, దాని తర్వాత వెనక్కి వెళ్లి ‘వాయేజ్ ఆఫ్ ద ఎకొలైట్’ వినండి. 1981 నాటి ‘క్యూర్డ్’ను తొందరపడి ముట్టుకోవద్దు. అందులో ఆయన ప్రధాన గాత్రం తానే తీసుకున్నాడు, డ్రమ్ముల స్థానంలో ఎక్కువగా యంత్రాన్ని వాడుకున్నాడు. ఆయన గొంతు చెడ్డది కాదు గానీ, ఆయన గిటారుకున్న వ్యక్తిత్వం దానికి లేదు. అభిమానులు కాదన్నా ఈ మాట చెప్పక తప్పదు. 1986లో యెస్ బృందపు గిటారిస్టు స్టీవ్ హౌతో కలిసి పెట్టిన ‘జీటీఆర్’ బృందానికి అమెరికాలో మంచి ఆదరణే దక్కింది, ‘వెన్ ద హార్ట్ రూల్స్ ద మైండ్’ పాట అక్కడ తొలి ఇరవైలోకి వెళ్లింది కూడా. అయినా ఒక్క స్టూడియో ఆల్బం తోనే ఆయన దాన్నుంచి తప్పుకున్నాడు. డబ్బు, పట్టికలే కావాలనుకునే మనిషి చేసే పని కాదది.

అంతకన్నా ముఖ్యం 1983 నాటి ‘బే ఆఫ్ కింగ్స్’. ఆల్బంలో ప్రధానంగా వినిపించేది నైలాన్ తీగల గిటారే. దాన్ని విడుదల చేయడానికి ఆయన రికార్డు సంస్థ చరిష్మా ఇష్టపడకపోతే వేరే సంస్థ ద్వారా తెచ్చాడు. దీని మూలం జెనెసిస్ రోజుల్లోనే ఉంది: 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’లో, దాదాపు 23 నిమిషాల ‘సపర్స్ రెడీ’కి ముందు, రెండు నిమిషాలు కూడా లేని ‘హొరైజన్స్’ అనే ఒంటరి గిటారు రచన వస్తుంది. జర్మన్ స్వరకర్త బాఖ్ చెల్లో వాద్యానికి రాసిన సూట్లలో మొదటిదాని ప్రారంభ ఖండం నుంచి ఆ రచన పుట్టింది. ఆ చిన్న విత్తనమే 1997లో రాయల్ ఫిల్‌హార్మొనిక్ ఆర్కెస్ట్రాతో చేసిన ‘ఎ మిడ్‌సమర్ నైట్స్ డ్రీమ్’ వరకు పెరిగింది. వయొలిన్‌కో వీణకో అలవాటుపడిన మన ఇళ్లలోని పెద్దలకు వినిపించదలిస్తే ‘బే ఆఫ్ కింగ్స్’ తగినది. గిటారంటే మొహం చిట్లించేవారు కూడా దీనికి అభ్యంతరం చెప్పరు.

ప్రశ్న: నేను గిటారు నేర్చుకుంటున్నాను. కుడిచేతి వేళ్లతో మెట్ల మీద కొట్టి వాయించే ట్యాపింగ్‌ను అమెరికా గిటారిస్టు ఎడీ వాన్ హాలెన్ కనిపెట్టాడని మా గురువుగారు చెప్పారు. అంతకు ముందే హాకెట్ వాయించాడని చదివాను. ఏది నిజం? హాకెట్ శైలి అభ్యాసం చేయాలంటే ట్యాపింగ్‌తో మొదలుపెట్టాలా?
– ఒక విద్యార్థి, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: వాన్ హాలెన్ బృందపు మొదటి ఆల్బం వచ్చింది 1978లో. హాకెట్ ట్యాపింగ్ వినిపించే ‘ద రిటర్న్ ఆఫ్ ద జెయింట్ హాగ్‌వీడ్’ 1971 నాటి ‘నర్సరీ క్రైమ్’ ఆల్బంలోది. కనుక హాకెట్ ముందున్నాడన్నది కచ్చితం. అయితే కనిపెట్టింది ఆయనే అనడం కూడా సరికాదు. మెట్ల మీద రెండు చేతులతోనూ కొట్టి వాయించే పద్ధతిని 1950లలోనే అమెరికాలో జిమ్మీ వెబ్‌స్టర్ ప్రచారం చేశాడు. వాన్ హాలెన్ దాన్ని ఊరూరికీ చేర్చాడు. మీ గురువుగారి మాటను ఆ అర్థంలో తీసుకుంటే ఇబ్బంది లేదు.

ట్యాపింగ్‌లో ఎడమచేయి ఒక మెట్టును నొక్కి ఉంచుతుంది. కుడిచేతి వేలు అదే తీగను పై మెట్టు మీద గట్టిగా కొట్టి, కొద్దిగా పక్కకు లాగి వదులుతుంది, దాంతో ఎడమచేతి కింద ఉన్న స్వరం మోగుతుంది. దూరంగా ఉన్న రెండు స్వరాల మధ్య వేగంగా తిరగడానికి ఇది సులువు. కానీ హాకెట్ శైలిలో ఇది ఒక చిన్న భాగమే, ఆయనను అనుకరించదలచినవారు దీనితో మొదలుపెడితే దారి తప్పుతారు. ఆయన ప్రత్యేకత స్వరం మొదలయ్యే తీరులోనూ, నిలిచే తీరులోనూ ఉంది. మీ గిటారు వాల్యూమ్ మీటను పూర్తిగా తగ్గించి తీగను మీటండి, మీటిన వెంటనే చిటికెన వేలితో వాల్యూమ్‌ను నెమ్మదిగా పెంచండి. మీటిన దెబ్బ వినపడకుండా, కమాను లాగినట్టు స్వరం ఉబికి వస్తుంది. హాకెట్ ఇదే పనిని కాలి కింది వాల్యూమ్ పెడల్‌తో చేస్తాడు. ఫజ్ పెడల్‌తో స్వరాన్ని సాగదీస్తాడు. ఇటీవలి కాలంలో తీగను ఆగకుండా మోగించే సస్టెయినర్ అమర్చిన ఫెర్నాండెస్ గిటారు కూడా వాడుతున్నాడు.

అభ్యాసానికి ‘స్పెక్ట్రల్ మార్నింగ్స్’ బాణీలో మొదటి వాక్యం ఒక్కటి తీసుకోండి. స్వరాలు కష్టం కావు, నోట్లు చూసుకోకుండానే పట్టుకోవచ్చు. ఒక్కో స్వరాన్ని ఎంతసేపు నిలపాలి, దాని చివర తీగను ఎంత ఊపాలి అన్నదే కష్టం. మీరు కర్ణాటక సంగీతం కొంచెం విని ఉంటే గమకం విషయంలో చెవి ఇప్పటికే సిద్ధంగా ఉంటుంది. వేలికి మాత్రం కాస్త కాలం పడుతుంది.

ప్రశ్న: హాకెట్ బృందాన్ని వదిలి వచ్చానంటాడు, మళ్లీ ఊరూరా తిరిగి జెనెసిస్ పాటలే వాయిస్తున్నాడు. దీన్ని సోలో జీవితం అంటారా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీ ఆక్షేపణలో బలం ఉంది. 1996లో ‘జెనెసిస్ రీవిజిటెడ్’, 2012లో దాని రెండో భాగం వచ్చాయి. 2013 నుంచి ఆయన కచేరీలలో పాత జెనెసిస్ పాటల వాటా బాగా పెరిగింది. టికెట్లు అమ్ముడుపోయేది ఎక్కువగా వాటివల్లనే అనడంలో సందేహం లేదు. నా మటుకు ఆయన సొంత రచనలకు ఇంకొంచెం ఎక్కువ సమయం ఇచ్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

అయితే రెండు విషయాలు గమనించండి. 1977 తర్వాత జెనెసిస్ కచేరీలలో హాకెట్ భాగాలను వాయించినవాడు డారిల్ స్టూర్మర్. బృందం కొత్త పాటల వైపు వెళ్లిన కొద్దీ, 1971 నుంచి 1977 వరకు ఉన్న పొడవైన రచనలను వేదిక మీద పూర్తిగా వాయించడం తగ్గిపోయింది. 2022 మార్చిలో లండన్‌లో ముగిసిన చివరి పర్యటనలోనూ హాకెట్ లేడు. ఆ రచనలను చేసిన అయిదుగురిలో వాటిని మొదలు నుంచి చివరి దాకా వేదిక మీద నిలుపుతున్నవాడు ఆయనొక్కడే. 2019లో ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’ను పూర్తిగా వాయించిన పర్యటనలోనే, నలభై ఏళ్లు నిండిన ‘స్పెక్ట్రల్ మార్నింగ్స్’కూ చోటిచ్చాడు. పాత ఇంటినీ సొంత ఇంటినీ ఒకే సాయంత్రం చూపించడం తప్పేమీ కాదు.

రెండోది, కొత్త పని ఆగలేదు. 2021 ఒక్క ఏడాదిలోనే రెండు ఆల్బంలు వచ్చాయి. వాటిలో ‘అండర్ ఎ మెడిటరేనియన్ స్కై’ నైలాన్ గిటారుకు వాద్యబృందం తోడుగా సాగుతుంది. 2024లో ‘ద సర్కస్ అండ్ ద నైట్‌వేల్’ వచ్చింది. 2019 నాటి ‘ఎట్ ది ఎడ్జ్ ఆఫ్ లైట్’లో ‘షాడో అండ్ ఫ్లేమ్’ అన్న పాటలో షీమా ముఖర్జీ సితారు వినిపిస్తుంది. అక్కడ సితారు అలంకారానికి పెట్టిన వస్తువులా కాకుండా గిటారుతో సమంగా నడుస్తుందో లేదో మీరే విని మాకు రాయండి.