విలువలు పెరిగేలోపే రిజిస్ట్రేషన్ చేయించాలా? – సమాధానం

తెలంగాణలో మార్కెట్ విలువలు (అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించే ఆస్తి విలువలు) పెంచుతారని విన్నాననీ, మీ ఫ్లాట్ అగ్రిమెంట్ ధర 60 లక్షలు, ప్రభుత్వ విలువ 40 లక్షలనీ రాశారు. బ్యాంకు లోన్ రాకముందే బయట వడ్డీకి తెచ్చి రిజిస్ట్రేషన్ చేయించేద్దామా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి.

స్టాంపు డ్యూటీ ప్రభుత్వ విలువ, దస్తావేజులో రాసిన ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కడతారు. మీరు 60 లక్షలూ చూపిస్తున్నారు కదా. ప్రభుత్వ విలువ 40 నుంచి 50 లక్షలైనా మీకు ఒక్క రూపాయి పెరగదు. కంగారు పడాల్సింది ప్రభుత్వ విలువకే దస్తావేజు రాయించుకునేవాళ్లు. అలా తక్కువ రాయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు ఒప్పుకోకండి, రేపు అమ్మేటప్పుడు పన్ను దగ్గర ఇబ్బంది పడేది మీరే.

విలువ కాకుండా శాతం పెరిగితే మాత్రం కథ వేరు. 2021 జూలై 22 నుంచి మొత్తం చార్జీలు 6 శాతం నుంచి 7.5కి వెళ్లాయి: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. అప్పటి లెక్కన 60 లక్షల మీద 3.6 లక్షలు కాస్తా 4.5 లక్షలైంది, అంటే 90 వేలు తేడా. అందుకే పెరిగేది విలువా, శాతమా అన్నది ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. శాతమే అయితే, ఆ తేడాకీ మీరు కట్టే వడ్డీకీ లెక్క వేసి చూసుకోండి.

ఇంకొకటి, సేల్ డీడ్ (అమ్మకపు దస్తావేజు) మీద తొందరపడి సంతకాలు పెట్టేయకండి. సంతకం చేసిన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కి ఇవ్వాలి, దాటితే జరిమానా.