‘జూన్ 2, 2014న’లో ఆ ‘న’ ఎవరిది?

సందేహం: మా ఊరి గ్రంథాలయానికి కుర్రాళ్లం కలిసి వెబ్‌సైట్ చేశాం. డేటాబేస్‌లో తేదీ 2014-06-02 అని ఉంటుంది. పేజీలో అది ‘తెలంగాణ రాష్ట్రం 2 జూన్, 2014 న ఏర్పడింది’ అని కనిపిస్తోంది. మా మాస్టారు అది తెలుగులా లేదన్నారు. ‘జూన్ 2, 2014న’ అని మార్చాం. ఆయన ముఖం ఇంకా చిట్లిస్తూనే ఉన్నారు. మరి ఏది సరి? – ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

సమాధానం: మాస్టారి చెవి సరిగ్గానే పట్టింది. మీరు మార్చింది అంకెల వరస. ఆయనకు అడ్డం పడుతున్నది ‘న’.

తెలుగులో సంవత్సరానికి ‘లో’ పెడతాం, నెలకూ ‘లో’ పెడతాం, తేదీకి మాత్రం ‘న’ పెడతాం. 2014లో, జూన్‌లో, రెండో తేదీన. ఇప్పుడు మీ వాక్యాన్ని పైకి చదవండి: ‘జూన్ రెండు, రెండు వేల పద్నాలుగున’. తేదీకి రావలసిన ‘న’ పోయి సంవత్సరం మెడకు చుట్టుకుంది. ‘2 జూన్, 2014న’ అన్నా అదే గొడవ. మన విభక్తులు మాట చివర చేరతాయి కాబట్టి, ‘న’ ఎవరిదో ఆ మాట చివరికి రావాలి. అంటే ‘2014 జూన్ 2న’.

తమాషా ఏమిటంటే, మీ డేటాబేస్‌లో ఉన్న వరస సరిగ్గా ఇదే. సంవత్సరం, నెల, తేదీ. మీరే దాన్ని తిరగేసి, ‘న’కు చోటు దొరక్క తిప్పలు పడుతున్నారు. ఇది కంప్యూటర్ నేర్పిన అలవాటు కూడా కాదు. మన శాసనాల్లో సాధారణంగా ముందు శక వర్షం, తర్వాత మాసం, పక్షం, తిథి వస్తాయి. పూజలో పంతులుగారు చెప్పే సంకల్పం కూడా సంవత్సరం పేరు నుంచి తిథి, వారాల దాకా దిగుతుంది. పెళ్లి శుభలేఖ తీసి చూడండి: ‘శ్రీ జయ నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ...’ అంటూ పెద్దదాన్నుంచి చిన్నదానికి వచ్చి, ‘అనగా’ అన్నాక మాత్రం 2-6-2014 అని తిరగబడుతుంది. ఒకే కార్డు మీద రెండు లోకాలు.

అలాగని ‘జూన్ 2, 2014’ తప్పని నేను అనను. వార్తాపత్రికల్లో రోజూ చూస్తున్నాం. విభక్తి లేకుండా, పేజీ మూలన ప్రచురణ తేదీగా ఒంటరిగా ఉంటే ఏ వరసైనా ఇబ్బంది లేదు. ‘2 జూన్, 2014’ కూడా మీ కుర్రాళ్ల సృష్టి కాదు. కంప్యూటర్లలో అన్ని భాషల లిపులకూ ప్రమాణాలు పెట్టే యూనికోడ్ సంస్థ భాషలవారీగా తయారుచేసిన తేదీల పట్టికలో తెలుగుకు ఆ రూపమే ఉంది, బ్రౌజర్లు దాన్నే తెచ్చి చూపిస్తాయి. వాక్యంలో పెట్టినప్పుడే తంటా. పుస్తక ప్రదర్శన ప్రకటన రాయబోతే ఇది ఇంకా బాగా తెలుస్తుంది: ‘2014 జూన్ 2 నుంచి 6 వరకు’ అంటే అయిపోతుంది. మీ పద్ధతిలో ‘2 జూన్, 2014 నుంచి 6 జూన్, 2014 వరకు’ అని సాగదీయాలి.

మీరు అడగకపోయినా ఇంకో మాట. మీ మొదటి వాక్యంలో 2014కూ ‘న’కూ మధ్య ఖాళీ వదిలారు. ఫోన్‌లో చూస్తే తేదీ ఒక లైన్‌లో, ‘న’ దిక్కులేనిదానిలా కింది లైన్‌లో పడుతుంది. అతికించి రాయండి. ‘2వ తేదీ’ కూడా అంతే. ఇంగ్లీషులో అయితే ఫస్ట్, సెకండ్, థర్డ్ అని అంకెకో తోక కాబట్టి ప్రోగ్రామ్‌లో దానికో లెక్క పెట్టుకోవాలి. మనకు అన్నిటికీ ఒక్క ‘వ’ చాలు. చదివేవాళ్లు దాన్ని ‘రెండవ’ అనుకుంటారో ‘రెండో తారీఖు’ అనుకుంటారో వాళ్ల ఇష్టం.

మొత్తం అంకెల్లోనే ఇవ్వాలనుకుంటే జాగ్రత్త. 02/06/2014 అని పెడితే ఖమ్మంలో జూన్ 2, డల్లాస్‌లో ఉన్న మీ ఊరివాళ్లకు ఫిబ్రవరి 6. నెలను అక్షరాల్లో రాస్తే ఈ తకరారు ఉండదు.

ఆ నెల పేర్లను మాత్రం ఇంగ్లీషులోలా మొదటి మూడు అక్షరాలకు కత్తిరించకండి. కంప్యూటర్‌కు గుడీ కొమ్మూ పొల్లూ అన్నీ విడి అక్షరాలే. మూడు లెక్కపెట్టి కోస్తే మార్చి ‘మార’ అవుతుంది, డిసెంబరు ‘డిస’ అవుతుంది, అక్టోబరు ‘అక్’ దగ్గర ఆగిపోతుంది. ఒక సైట్‌లో ‘5 అక్’ అని చూసి, ఎవరి అక్కో అని కాసేపు ఆలోచించాను. చోటు చాలకపోతే ‘అక్టో’, ‘డిసెం’, ‘ఫిబ్ర’ అని పన్నెండూ మీరే రాసి పెట్టుకోండి. మార్చి, మే, జూన్ ఎలాగూ చిన్నవే, వాటి జోలికి పోవద్దు. అన్నట్టు ‘ఆగష్టు’ వద్దు, ‘ఆగస్టు’ చాలు. కష్టం, ఇష్టం సంస్కృతం నుంచి వచ్చాయి కాబట్టి వాటికి ‘ష్ట’ సహజం. పోస్టును పోష్టు అని రాయనప్పుడు ఆగస్టుకు ఎందుకు?

ఇక వేళ. ఏఎంకు ‘ఉదయం’, పీఎంకు ‘సాయంత్రం’ అని పెట్టేసి ఊరుకుంటే, మధ్యాహ్నం ఒంటిగంట సమావేశం ‘సాయంత్రం 1 గంటకు’ అని వస్తుంది. నాలుగు గంటల రైలుకు తెల్లవారుజామున లేచి వెళతాం గానీ ‘ఉదయం 4’ అనం. పన్నెండు దాటితే ఇంకా చిక్కు: డేటాబేస్‌కు సోమవారం మొదలైపోతుంది, మనవాళ్లకు తెల్లారేదాకా అది ‘ఆదివారం రాత్రి’యే. అలాంటి చోట ‘ఆదివారం అర్ధరాత్రి దాటాక 12.30కి’ అని రాయండి, ఎవరూ రైలు తప్పిపోరు. అది అర్ధరాత్రి, సగం రాత్రి. ‘అర్థరాత్రి’ అని మీ సైట్‌లోనే రెండు చోట్ల ఉంది, దిద్దండి.

సభ్యుల పేజీ కూడా ఒకసారి చూసుకోండి. పుట్టిన తేదీ ఇవ్వనివాళ్లందరూ అక్కడ ‘1970 జనవరి 1న’ పుట్టారు. ఖాళీగా ఉన్న గడిని కంప్యూటర్ సున్నాగా తీసుకుని, తన లెక్క మొదలయ్యే రోజును చూపిస్తోంది. అక్కడ ‘తెలియదు’ అని పెట్టించండి.